అక్షరాల్లో రేలంగి

తెర మీద హీరో మొహం చూడకముందే, ఆ మాటకొస్తే హాలు గేటు దాటకముందే, మీతో మాట్లాడే నటుడొకడున్నాడు. అతనికి డైలాగుల్లేవు, డ్యూయెట్లు లేవు, ఫైట్లు అసలే లేవు. గోడ మీదో, బస్టాండు స్తంభం మీదో, ఇప్పుడైతే మీ చేతిలోని సెల్‌ఫోనులో బొటనవేలంత చోటులోనో నిలబడి, "ఇది నవ్వుల సినిమా, ఇంటిల్లిపాదీ రండి" అనో, "ఇది నెత్తుటి కథ, గుండె చిక్కబట్టుకు రండి" అనో ముందే చెప్పేస్తాడు. ఎవరనుకున్నారు? సినిమా పేరు రాసిన అక్షరం!

పేరు వేరు, ఆ పేరు పెట్టుకొచ్చిన మొహం వేరు. ఒకే పేరుని రెండు రకాల అక్షరాల్లో రాసి చూడండి, రెండు వేర్వేరు సినిమాల్లా కనిపిస్తాయి. హీరో హీరోయిన్ల గురించి, సంగీత దర్శకుల గురించి, చివరికి హీరోగారి కళ్లజోడు గురించి కూడా బోలెడు రాసుకుంటాం గానీ, ఈ నటుడి గురించి రాసేవాళ్లు తక్కువ. అందుకే ఈ వారం కబురు అతని గురించి. అందులోనూ ఒకే ఒక్కడి గురించి.

లావుగా, గుండ్రంగా, మూలలన్నీ అరగదీసినట్టు నున్నగా ఉండే అక్షరం ఒకటుంది చూడండి, దాని గురించి. ఇంగ్లీషువాళ్లు దానికి 'బోల్డ్ రౌండెడ్ శాన్స్ సెరిఫ్ డిస్‌ప్లే' అని గాలిపటం తోకంత పేరు పెట్టారు. తోక విడదీస్తే అర్థం తేలికే. బోల్డ్ అంటే లావు. రౌండెడ్ అంటే గీత కొస గుండ్రంగా ఉండటం. శాన్స్ సెరిఫ్ అంటే కొసల్లో ముక్కులూ తోకలూ లేకపోవడం. డిస్‌ప్లే అంటే పేజీలకి పేజీలు కూర్చుని చదివే అక్షరం కాదు, దూరాన్నుంచి కేకేసి పిలిచే అక్షరం అన్నమాట. మనకి అంత తోక దేనికి? 'బొద్దక్షరం' అని పిలుచుకుందాం.

బొద్దక్షరం స్వభావం ఏమిటంటే, నేను ఒక్క ముక్కలో చెబుతాను: అది అక్షరాల్లో రేలంగి.

లావు అందరికీ ఉండొచ్చు, కానీ అందరి లావూ ఒక్కటి కాదు. 'మాయాబజార్' (1957) గుర్తు తెచ్చుకోండి. ఈ తరం పిల్లలైతే ఫోనులో చూసే ఉంటారు. అందులో ఘటోత్కచుడు ఎస్.వి. రంగారావు. ఆ మనిషి తెర మీద అడుగు పెడితే నేల అదిరినట్టుంటుంది. అదే సినిమాలో లక్ష్మణ కుమారుడు రేలంగి. ఆయనా బక్కమనిషేం కాదు. కానీ రేలంగి వస్తే నేల అదరదు, హాలు నవ్వుతుంది. ఇద్దరిదీ నిండైన విగ్రహమే. తేడా ఎక్కడుందీ అంటే కొసల్లో ఉంది. రంగారావుగారి లావుకి అంచులున్నాయి: బిగించిన దవడ, గద, మీసం. రేలంగి లావుకి అంచుల్లేవు. ఎక్కడ పట్టుకున్నా మెత్తగా చేతికొస్తుంది.

అక్షరాలూ అంతే. లావు అక్షరానికి కొసలు చదరంగా కోసేస్తే అది రంగారావు: గర్జన, కోట గోడ, ఉక్కు. అదే లావుకి కొసలు గుండ్రంగా తిప్పేస్తే అది రేలంగి: నవ్వు, ఆప్యాయత, ఆదివారం మధ్యాహ్నం భోజనం. రెండూ దూరాన్నుంచి కనబడతాయి. ఒకటి చూసి తప్పుకుంటారు, ఇంకోటి చూసి దగ్గరికొస్తారు.

పోలిక కోసం నేను మరీ దూరం పోలేదు లెండి. రంగారావుగారు 1918లో పుట్టిన నూజివీడు ఇప్పుడు మా ఏలూరు జిల్లాలోనే ఉంది. రేలంగి స్థిరపడ్డ తాడేపల్లిగూడెం ఎంతో దూరం లేదు. 'రేలంగి చిత్రమందిర్' అని సొంత పేరుతో సినిమా హాలు కట్టించింది అక్కడే. 1970లో పద్మశ్రీ అందుకుని, 1975లో కన్నుమూశారు. నవ్వించే మనిషి పేరు హాలు నెత్తి మీద కూర్చుంటే ఆ ఊరివాళ్లకి అక్షరం విలువ వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

సరే, ఇప్పుడు అసలు కథలోకి వద్దాం. బొద్దక్షరం ఇంగ్లీషువాడి సొత్తనుకుంటున్నారేమో! గుండ్రదనం అనే మాటెత్తితే తెలుగు లిపి ముందు ఏ లిపి నిలబడుతుంది? ఇంగ్లీషు అక్షరాల్లో నిలువు కర్రలూ అడ్డకర్రలూ ఎక్కువ. వాటిని గుండ్రంగా చెయ్యాలంటే మూలలు అరగదియ్యాలి. మనవి పుట్టడమే గుండ్రంగా పుట్టాయి. తాటాకు మీద గంటంతో అడ్డంగా గీత లాగితే ఈనె వెంబడి ఆకు చీలిపోతుంది, అందుకే అక్షరాన్ని వంపు తిప్పారని పెద్దలు చెప్పే కారణం.

మా కలిదిండికి ఈ విషయంలో ఓ గొప్ప ఉంది. నన్నయగారి చేత భారతం తెనిగించిన రాజరాజనరేంద్రుడు వేయించిన రాగిరేకుల శాసనం ఒకటి 'కలిదిండి శాసనం' పేరుతోనే చరిత్ర పుస్తకాల్లో ఉంది. 11వ శతాబ్దం నాటిది. యుద్ధంలో పడిపోయిన ముగ్గురు చోళ సేనానుల జ్ఞాపకార్థం ఇక్కడ గుళ్లు కట్టించిన సంగతి అందులో ఉంది. అప్పటికి తెలుగు లిపీ కన్నడ లిపీ ఇంకా వేరుపడలేదు. రాగి మీద ఉలితో చెక్కాలంటే నిటారు గీతే సుళువు. అయినా మనవాళ్లు వంపులు వదల్లేదు. చనిపోయిన వీరుల పేర్లు మోసింది ఆ గుండ్రటి అక్షరాలే. సినిమా పోస్టరుకి తొమ్మిదొందల ఏళ్ల ముందే గుండ్రదనం మా ఊరికి అలవాటన్నమాట!

మరింకేం, తెలుగుకి బొద్దక్షరం నల్లేరు మీద బండి నడక అనుకుంటారేమో. ఇక్కడే ఉంది తిరకాసు.

గారె ఎలా చేస్తారో మీ అమ్మగారినడగండి. పిండి ఉండ చేసి, అరిటాకు మీద తట్టి, మధ్యలో వేలితో చిల్లు పెడతారు. చిల్లు అందానికి కాదు. అది లేకపోతే పైన వేగుతుంది, లోపల పచ్చిగా ఉండిపోతుంది. బొద్దక్షరానికీ అదే సూత్రం. గీత లావయ్యే కొద్దీ అక్షరం లోపలి ఖాళీ చిన్నదవుతుంది. ఆ ఖాళీలోంచే కన్ను లోపలికి వెళ్లి అక్షరాన్ని గుర్తుపడుతుంది. అది పూడిపోయిందా, అక్షరం కాస్తా ముద్దయిపోతుంది.

ఇంగ్లీషు అక్షరానికి మహా అయితే ఒకటి రెండు చిల్లులు. మనకో? సున్నా ఒక చిల్లు. 'ఠ'లో చిల్లు ఉంది, ఆ చిల్లులో మళ్లీ చుక్క ఉంది. 'థ'లో కడుపులో చుక్క, కింద ఒత్తు. పైన గుడి, కింద వత్తు, పక్కన కొమ్ము. ఇన్నిటికీ ఒంట్లో చోటు కావాలి.

'ప'నీ 'వ'నీ తీసుకోండి. తలకట్టు ఒంటికి అంటకుండా ఎడంగా ఉంటే 'ప', అంటుకుంటే 'వ'. ఆ ఎడం ఎంత? వెంట్రుకవాసి. అక్షరాన్ని అజాగ్రత్తగా లావు చేస్తే ముందు పూడిపోయేది ఆ సందే. అప్పుడు 'పాతాళభైరవి' (1951) కాస్తా 'వాతాళభైరవి' అవుతుంది. జానపద చిత్రరాజం నడుం నొప్పి తైలం ప్రకటన అయి కూర్చుంటుంది!

'కథ' అనే మాట సంగతి ఇంకా ఘోరం. 'థ' కడుపులో చుక్క పూడితే అది 'ధ'లా కనబడుతుంది. ఇప్పటికే సగంమంది 'కధ' అనే రాస్తున్నారు. 'కథానాయకుడు' (1969) అని నాలుగు రోడ్ల కూడలిలో ఇరవై అడుగుల బోర్డు పెట్టి అందులో చుక్క మింగేస్తే, ఆ దారిన బడికి వెళ్లే పిల్లలందరికీ తప్పు నేర్పినట్టేగా! వాళ్లు పంతులుగారి నల్లబల్ల కంటే సినిమా బోర్డునే ఎక్కువసార్లు చదువుతారు సుమండీ!

అన్ని పేర్లూ బొద్దక్షరానికి ఒదగవు. ఏ ఊరి పేరు ఒదుగుతుందో చూద్దామని నేను మా చుట్టుపక్కల ఊళ్లన్నీ కాగితం మీద వరసగా రాసి చూశాను. మీరూ చూడండి, మంచి ఆట.

'కలిదిండి'. క, లి, ది, సున్నా, డి. వత్తుల్లేవు. కింద వేలాడేది ఏమీ లేదు. మూడు గుడులు పైన టోపీల్లా కూర్చున్నాయి. మధ్యలో సున్నా గారెలా ఉంది. బొద్దక్షరం కోసమే పుట్టిన పేరు! 'ఆకివీడు' కూడా అంతే. 'కైకలూరు' చాలావరకు మంచి పిల్లే గానీ, ఐత్వం ముక్క ఒకటి కిందికి జారుతుంది. 'భీమవరం'లో 'భ' కాలి కింద ఒత్తుంది, దానికి చోటివ్వాలి. 'కొల్లేరు' దగ్గరికొస్తే లకారం కింద లకారం. 'తాడేపల్లిగూడెం' అంటే ఏడు పెట్టెల గూడ్సుబండి, మధ్యలో వత్తొకటి, చివర సున్నా. ఆ పేరు బొద్దక్షరాల్లో రాయాలంటే గోడ కొంచెం పొడుగ్గా కట్టుకోవాలి.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు మా కలిదిండి కృష్ణా జిల్లాలోంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది. రాజకీయం సంగతి నాకెందుకు గానీ, అక్షరం పరంగా చూస్తే అదొక పెద్ద మార్పు. 'కృష్ణా' అని రాయాలంటే 'క' కింద ఋత్వం, 'ష' కింద ణవత్తు. రెండంతస్తుల మేడ. 'ఏలూరు' అంటే మూడే అక్షరాలు, మూడూ గుండ్రం, కింద అంతస్తు లేదు, కొమ్ములు పక్కకి పోతాయి. బోర్డు రాసేవాడికి పని సగం తగ్గినట్టే. కృష్ణమ్మ మీద ప్రేమ లేక కాదు, కుంచె కష్టం చెబుతున్నా.

కుంచె అంటే గుర్తొచ్చింది. కంప్యూటరు లేని రోజుల్లో ఈ చిక్కులన్నీ విప్పింది ఆర్టిస్టులు. పత్రికల్లో కథకి శీర్షిక కావాలన్నా, పోస్టరు మీద పేరు కావాలన్నా చేత్తో రాయవలసిందే. ఆ విద్యలో మన గోదావరి జిల్లాలవాళ్లకి పెద్ద పీట ఉంది. నరసాపురంలో 1933లో పుట్టిన బాపుగారి చేతిరాత ఇవాళ పెళ్లి శుభలేఖల దాకా పాకింది. పాలకొల్లు నుంచి మద్రాసు వెళ్లిన ఈశ్వర్ గారు, బాపుగారు తొలిసారి దర్శకత్వం వహించిన 'సాక్షి' (1967)తో పబ్లిసిటీ రంగంలోకి వచ్చి, వేల సినిమాల పోస్టర్లకి పనిచేశారు. 2015 సంవత్సరానికి రఘుపతి వెంకయ్య అవార్డు ఆయనకి దక్కింది. 2021లో చెన్నైలో కన్నుమూశారు.

చేత్తో రాసేవాడి గొప్పేమిటంటే, అతనికి అక్షరమాల మొత్తం అక్కర్లేదు. ఆ సినిమా పేరులో ఉన్న నాలుగైదు అక్షరాలు చాలు. అందుకని ఆ నాలుగింటినీ ఒకదానికొకటి వియ్యంకుల్లా కూర్చోబెడతాడు. 'ప' సందు పూడుతోందా, తలకట్టు కాస్త పైకెత్తుతాడు. వత్తు అడ్డొస్తోందా, పక్కక్షరం పొట్ట కింద దూరుస్తాడు. అక్కడ గీత రవ్వంత సన్నం చేస్తాడు. మనకి తేడా తెలీదు, అంతా ఒకే లావనిపిస్తుంది. నిజంగా ఒకే లావుతో రాస్తే ముద్దవుతుంది. ఒకే లావుగా ఉన్నట్టు కనబడేలా రాయడమే విద్య. కొస గుండ్రంగా ఉన్న కుంచె ముంచి ఒక్క గీత లాగితే రెండు కొసలూ వాటంతటవే గుండ్రంగా వస్తాయి. బొద్దక్షరం పుట్టుక అంత సహజం. దాన్ని తీర్చిదిద్దడమే కష్టం.

ఇప్పుడు కంప్యూటరు కాలం. దీని ముందున్న సమస్య ఆర్టిస్టు సమస్యకి తల్లి లాంటిది. కంప్యూటరు అక్షరం చేసేవాడికి ఏ పేరొస్తుందో ముందు తెలీదు. 'కలిదిండి' వచ్చినా, 'శ్రద్ధాంజలి' వచ్చినా, 'రాష్ట్రం' వచ్చినా అక్షరం విరిగిపోకూడదు. హల్లులూ, గుణింతాలూ, వత్తులూ, వాటి కలయికలూ కలిపి వందల బొమ్మలు ముందే గీసి పెట్టుకోవాలి. ఒక్క బొమ్మలో చిల్లు పూడినా ఎక్కడో ఒక ఊళ్లో ఒక బోర్డు చెడుతుంది.

ఆ కష్టం పడ్డవాళ్లూ ఉన్నారు. సిలికానాంధ్ర సంస్థ తెలుగువాళ్లకి ఉచితంగా ఇచ్చిన ఫాంట్లలో 'రామభద్ర' ఒకటి. దాన్ని 2013లో పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించారు. లావుపాటి అక్షరాలు, శీర్షికలకీ పోస్టర్లకీ పనికొచ్చేవి. దాని తోబుట్టువుల పేర్లు విన్నారా? పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన్న, సూరన్న, రామరాజ, తెనాలి రామకృష్ణ. అష్టదిగ్గజాలందరూ హాజరు! ప్రబంధాలు రాసినవాళ్ల పేర్లతో ఇప్పుడు మనం ఫ్లెక్సీలు కొట్టించుకుంటున్నామన్నమాట.

2016లో ముంబయిలోని ఏక్ టైప్ బృందం 'బాలూ' అనే అక్షరాన్ని తెచ్చింది. 'జంగిల్ బుక్'లో ఎలుగుబంటి పేరే అది. పేరుకి తగ్గట్టు ఒళ్లు లావు, మనసు మెత్తన. భారతీయ భాషలు చాలావాటికి దాన్ని చేసి, ఒక్కో భాషకి ఒక్కో వరస కలిపారు. మలయాళానికి 'బాలూ చేట్టన్', తమిళానికి 'బాలూ తంబి', కన్నడానికి 'బాలూ తమ్మ', గుజరాతీకి 'బాలూ భాయ్'. మనకేం వచ్చిందో ఊహించండి. 'బాలూ తమ్ముడు'! దాన్ని గీసింది ఓంకార్ షెండే. పవన్ కల్యాణ్ అభిమానులు ఉలిక్కిపడకండి. 'తమ్ముడు' (1999), 'బాలు' (2005) రెండూ కలిపి ఫాంటు చెయ్యలేదు, అది కాకతాళీయం. ఈ తమ్ముడికి తర్వాత సన్నం నుంచి లావు దాకా అయిదు సైజుల ఒళ్లు కూడా వచ్చింది. అన్నీ ఉచితమే. వరసకి తమ్ముడు కదా, అద్దె అడగడు!

ఇక్కడొక్క క్షణం జర్మనీ వెళ్లొద్దాం. 1979లో ఫోక్స్‌వాగన్ కార్ల కంపెనీ తమ డీలర్ల కోసం ఒక గుండ్రటి అక్షరం చేయించుకుంది. పేరు వీఏజీ రౌండెడ్. ఎందుకు చేయించింది? తమ కార్ల కొట్లన్నిటి మీదా బోర్డులు ఒకే మొహంతో ఉండాలని. తర్వాత ఆపిల్ కంప్యూటర్ల మీటల మీద కూడా చాలా ఏళ్లు అదే అక్షరం ఉంది. కంపెనీకి అది న్యాయమే. ఊరు మారినా కొట్టు ఒకటే అని తెలియాలి.

సినిమాకి కావలసింది దీనికి సరిగ్గా ఎదురు! నిన్నటి సినిమా వేరు, ఇవాళ్టి సినిమా వేరు అని తెలియాలి. అందుకే బొద్దక్షరం ఎంత ముద్దుగా ఉన్నా, ఎడాపెడా వాడితే ముప్పు. మరెక్కడ వాడాలి?

పరీక్ష చేద్దాం. పోస్టర్ల మీద ఎలా వేశారన్నది పక్కన పెట్టండి. మీ నోటుబుక్కు తీసి, లావు స్కెచ్ పెన్నుతో మీరే రాయండి. 'చంటబ్బాయ్' (1986) అని బొద్దుగా రాయండి. ఆ డిటెక్టివు చంటిపిల్లాడిలా వచ్చి ఒళ్లో కూర్చుంటాడు. 'అహ నా పెళ్లంట' (1987) అని రాయండి. చదవకముందే పెదవి విచ్చుకుంటుంది. ఇప్పుడు అదే పెన్నుతో 'శంకరాభరణం' (1980) అని రాయండి. ఏమైంది? శంకరశాస్త్రిగారి ఇల్లు జిలేబీ కొట్టయింది! 'అల్లూరి సీతారామరాజు' (1974) అని రాసి చూడండి. మన్యం వీరుడి చేతిలో బాణం తీసేసి బుడగ ఇచ్చినట్టుంటుంది. పేర్లు గొప్పవే, అక్షరమూ మంచిదే. పాత్ర కుదరలేదంతే. నటుణ్ని పాత్రని బట్టి ఎంచుకున్నట్టే అక్షరాన్నీ ఎంచుకోవాలి.

పిల్లల సినిమాకి, పెళ్లిసందడి కథకి, పల్లెటూరి హాస్యానికి, తినుబండారాలకి, బడి వార్షికోత్సవానికి, చేపల చెరువు దగ్గర మేత కొట్టుకి, ఐసు ఫ్యాక్టరీకి కూడా బొద్దక్షరం భేషు. సెల్‌ఫోనులో యూట్యూబు బొమ్మ మీద పేరుకి మరీ భేషు, ఎందుకంటే సన్నక్షరం అక్కడ చీమల బారవుతుంది. ఒక్కోసారి తిరగేసి కూడా వాడొచ్చు. మెత్తటి అక్షరంతో పేరు వేసి లోపల దెయ్యాన్ని కూర్చోబెడితే భయం రెట్టింపవుతుంది. నవ్వించేవాడు ఉన్నట్టుండి ఏడిస్తే హాలంతా ఏడవదూ! అయితే అది తెలిసి చెయ్యాలి.

మీలో చాలామంది పొట్టి సినిమాలు తీస్తున్నారు, ఫోనులోనే టైటిలు వేస్తున్నారు. కనక నాలుగు కిటుకులు చెబుతా, దాచుకోండి.

ఒకటి. ఆటపాక దగ్గర గూడబాతుల్ని చూశారా? నేల మీద నడిస్తే బస్తా మోస్తున్నట్టుంటాయి. నీళ్ల మీద వాలితే పడవలే! బొద్దక్షరం గూడబాతు. దాని చుట్టూ నీళ్లుండాలి, అంటే ఖాళీ. అంచు నుంచి అంచు దాకా ఇరికిస్తే బస్తాయే.

రెండు. పేరుని రెండు వరసల్లో పేర్చేటప్పుడు పై వరస వత్తులూ కింది వరస ఏత్వాలూ కొట్టుకుంటాయేమో చూసుకోండి. 'శ్రీవారికి' కింద 'ప్రేమలేఖ' పెడితే 'శ్రీ' కింది రవత్తూ 'ప్రే' పైన ఏత్వమూ మొదటి రోజే పోట్లాడుకుంటాయి. ఒకదాన్ని పక్కకి జరపండి.

మూడు. నల్లటి నేల మీద తెల్లక్షరం ఉన్నదానికన్నా లావుగా కనబడుతుంది. రాత్రి సీను మీద పేరు వేస్తుంటే ఒక సైజు ఒళ్లు తగ్గించండి.

నాలుగు. వేశాక పది అడుగులు వెనక్కి వెళ్లి చూడండి. 'ప' పలాగే ఉందా? 'థ'లో చుక్క బతికే ఉందా? ఉంటేనే విడుదల చెయ్యండి.

చివరగా ఓ మాట. ఇది మాత్రం నవ్వుతూ చెప్పలేను. ఈ రోజుల్లో ఏ ఊరి సెంటర్లోనైనా ఫ్లెక్సీలు పక్కపక్కన కడుతున్నారు. ఒకదాని మీద 'జన్మదిన శుభాకాంక్షలు', దాని పక్కనే 'అశ్రునివాళి'. రెండిటి మీదా అదే బొద్దక్షరం, అదే పసుపు, అదే ఎర్రంచు. పోయిన మనిషి ఫోటో కింద అక్షరం బుగ్గలు పూరించి నవ్వుతుంటుంది. ఆ ఇంటివాళ్లు దాని కిందనుంచే నడిచి వెళ్లాలి. ఎవరూ కావాలని చెయ్యలేదు. ఫ్లెక్సీ కుర్రాడి కంప్యూటరులో పైనున్న ఫాంటు అదే, తొందరలో అదే నొక్కాడు. కుంచె పట్టే ఆర్టిస్టు ఉన్న రోజుల్లో, "ఎవరికండీ బోర్డు?" అని ముందు అడిగేవాడు. జవాబుని బట్టి చెయ్యి తిరిగేది. ఫ్లెక్సీ వచ్చాక కుంచెలు తగ్గాయి, బోర్డులు చవకయ్యాయి. చిన్న కొట్టువాడికి అది మేలే, నేను కాదనను. పోయింది ఆ ఒక్క ప్రశ్న.

ఆ ప్రశ్న మళ్లీ అడగడానికి డబ్బక్కర్లేదు. ఫాంట్లు ఉచితం. సన్నవి, లావువి, నిటారువి, వంపువి అన్నీ మీ ఫోనుకే వస్తాయి. రేపు మీరు ఏ పేరైనా వేసేముందు, "ఎవరికండీ?" అని ఒక్కసారి మీలో మీరు అడుక్కోండి. పెళ్లికైతే రేలంగిని పిలవండి, ఆయన హాయిగా వస్తారు. యుద్ధానికైతే రంగారావుగారున్నారు. కర్మకాండ రోజున మాత్రం ఆ ఇద్దర్నీ ఇబ్బంది పెట్టకండి. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే అక్షరాన్ని దేన్నైనా ఎంచుకోండి.

ఈలోగా మీ ఊరి పేరు బొద్దక్షరాల్లో రాసి చూసుకోండి. వత్తు అడ్డొచ్చిందని దిగులు పడకండి, చోటిస్తే అదీ ఒదుగుతుంది. మా కలిదిండి కంటే గుండ్రంగా కుదిరిన పేరు మీకెక్కడైనా కనబడితే మాత్రం నాకు రాయండి. ఓడిపోతే గారెలు నావి.